కొత్త నర్సు - పొరపాటు - ఆత్మసంశయం

మానవ సేవకు సంబంధించిన వృత్తులలో నర్సు వృత్తికి విశిష్టమైన స్థానం ఉన్నది. వైద్యుడు రోగి మంచం వద్ద గడిపేది కొన్ని నిమిషాలు మాత్రమే. నర్సులు వంతులవారీగా రాత్రింబవళ్ళు అక్కడే ఉంటారు. మదీనా నగరంలో గాయపడినవారికి గుడారంలో పరిచర్య చేసిన రుఫైదా అల్ అస్లమియా పేరు ఇస్లాం చరిత్రలో గౌరవంతో నిలిచి ఉన్నది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ స్థాపించిన శిక్షణాలయంతో ఈ సేవ ఒక క్రమబద్ధమైన వృత్తిగా రూపొందింది. నేడు ఇంటర్మీడియట్ ముగించిన మన బాలికలలో కొందరు మూడేళ్ళ జి.యన్.యం. కోర్సులోనో, నాలుగేళ్ళ బి.యస్సీ. నర్సింగులోనో చేరుతున్నారు.

ఈ వృత్తి గొప్పదనాన్ని గురించి ఉపన్యాసాలకు కొదువ లేదు. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరంలో ఆ బాలిక మనసు ఎట్టి అవస్థకు లోనవుతుందో చెప్పేవారు అరుదు. ఆ కాలంలో జరిగే పొరపాట్లను గూర్చి, వాటి వెంట వచ్చే ఆత్మసంశయాన్ని గూర్చి ఇక్కడ కొంత విచారిద్దాము.

భయం ఎందుకు కలుగుతుంది?

శిక్షణ కాలంలో విద్యార్థిని పక్కన బోధకురాలు ఉంటుంది. ఒకరిద్దరు రోగులను అప్పగించి, చేసిన ప్రతి పనినీ చూసి సరిదిద్దుతుంది. ఉద్యోగంలో చేరిన నాడు ఆ తోడు తొలగిపోతుంది. ఒక మంచం వద్ద సెలైన్ అయిపోవస్తుంది, మరొక మంచం వద్ద బంధువులు పిలుస్తుంటారు, ఇంతలో వైద్యుడు రౌండ్సుకు వస్తాడు. పుస్తకంలో ఒకదాని తరువాత ఒకటిగా నేర్చుకున్న పనులు వార్డులో ఒక్కసారిగా మీదపడతాయి. అమెరికాకు చెందిన మార్లీన్ క్రేమర్ 1974లో వెలువరించిన గ్రంథంలో ఈ స్థితిని 'వాస్తవాఘాతం' అనదగిన మాటతో వర్ణించింది. నేర్చుకున్నదానికీ, కంటబడినదానికీ మధ్యగల అంతరమే ఆ ఆఘాతానికి కారణమని ఆమె భావం.

అదే దేశానికి చెందిన పెట్రీషియా బెన్నర్ 1984లో నర్సు నైపుణ్యాన్ని అయిదు దశలుగా విభజించింది. ఏమీ తెలియని దశ, కొద్దిగా తెలిసిన దశ, సమర్థ దశ, నిపుణ దశ, పారంగత దశ అని వాటిని మనం చెప్పుకోవచ్చు. ఒకే విధమైన పనిలో రెండు మూడు సంవత్సరాలు గడిచిన తరువాతనే సామర్థ్య దశ వస్తుందని ఆమె పేర్కొన్నది. ఇరవై ఏళ్ళ అనుభవం గల హెడ్ నర్సు రోగి ముఖం చూడగానే ప్రమాదాన్ని పసిగడుతుంది. మూడు నెలల క్రితం చేరిన బాలికకు అది కనబడకపోవడం తెలివితక్కువ కాదు. ఆమె ఇంకా ఆ మెట్టుకు చేరలేదు, అంతే.

కాని ఆ బాలిక అట్లా తలచదు. తనకు సర్టిఫికెట్టు అదృష్టం కొద్దీ వచ్చిందనీ, తన అసమర్థత నేడో రేపో బయటపడుతుందనీ లోలోపల కుములుతుంది. యోగ్యులైనవారిని కూడా బాధించే ఇట్టి భావాన్ని పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే వివరించారు.

రెండు విధాలైన సంశయం

సంశయం అంతా చెడ్డది కాదు. అది రెండు విధాలు. మొదటిది పనిని గూర్చిన సంశయం: "ఇది సరియైన మందేనా? మోతాదు ఇంతేనా?" రెండవది తనను గూర్చిన సంశయం: "నేను ఈ పనికి తగినదాననేనా?" మొదటి సంశయం నర్సు చేతిని కేసు షీటు వైపు నడిపిస్తుంది. రెండవది ఆమె నోటిని మూయిస్తుంది.

మొదటిదానిని పోగొట్టుకోరాదు. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన సమయం అని నర్సులకు నేర్పే అయిదు సూత్రాలు ఆ సంశయానికి ఇచ్చిన క్రమరూపమే. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములో, ఇద్దరు మహబూబ్ బీలో ఉండడం మన ఆసుపత్రులలో వింత కాదు. "మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే మగతలో ఉన్న రోగి ఏ పేరుకైనా "ఊ" అనవచ్చు. "మీ పేరు చెప్పండమ్మా" అని అడిగి, కేసు షీటుతో సరిచూసుకోవడం ఉత్తమం. వైద్యుడు ఫోనులో మందు చెప్పినప్పుడు దానిని వ్రాసుకొని, తిరిగి ఆయనకే చదివి వినిపించడం కూడా ఇట్టిదే. ముప్పై ఏళ్ళ అనుభవం వచ్చినా ఈ అలవాటు విడువదగినది కాదు.

ఒక ఉదాహరణ

రెండవ సంశయం ఎంత ప్రమాదకరమో ఒక ఉదాహరణతో తెలుసుకొనవచ్చును. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గల ఇన్సులిన్ సీసాలు విరివిగా దొరుకుతాయి. 100 యూనిట్ల బలం గలవి కూడా వాడుకలో ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజి. వైద్యుడు 10 యూనిట్లు వ్రాశాడనుకుందాము. కొత్త నర్సు తొందరలో 100 యూనిట్ల సీసా నుండి ఎర్ర మూత సిరంజిలోకి 10 గీత వరకు మందు తీసి, రాత్రి భోజనానికి ముందు రోగికి ఇచ్చింది. ఆ రోగి శరీరంలోకి వెళ్ళినది 10 యూనిట్లు కాదు, 25 యూనిట్లు.

మందు ఇచ్చిన కొద్ది నిమిషాలకే ఆమె దృష్టి సీసా మీద పడింది. ఇప్పుడు ఆమె ముందు రెండు దారులు ఉన్నవి. వెంటనే వైద్యునికి చెప్పినట్లయితే ఆయన వేలి నుండి రక్తపు చుక్క తీయించి మాటిమాటికి షుగర్ చూపిస్తాడు. రోగికి ఆహారం పెట్టిస్తాడు, అవసరమైతే నరం ద్వారా గ్లూకోజు ఎక్కిస్తాడు, రాత్రంతా కనిపెట్టి ఉండమంటాడు. మామూలు ఇన్సులిన్ పని ప్రారంభించడానికి అరగంట పడుతుంది గనుక జాగ్రత్తపడడానికి సమయం ఉన్నది. సాధారణంగా ఉదయానికి రోగి క్షేమంగా ఉంటాడు.

భయపడి చెప్పకపోతే? షుగర్ పడిపోయినప్పుడు చెమట, వణుకు, ఆకలి, తికమక కలుగుతాయి. ఆ పిమ్మట స్పృహ తప్పుతుంది. రోగి నిద్రలో ఉంటే ఈ లక్షణాలను ఎవరూ గమనించకపోవచ్చు. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు ఆయన నిద్రపోతున్నాడనే అనుకుంటుంది. పొరపాటు రెండు సందర్భాలలోనూ ఒక్కటే. రోగి ప్రాణాన్ని ప్రమాదంలోకి నెట్టినది తరువాతి మౌనం.

పొరపాటు జరిగినప్పుడు

కావున క్రమం ఇది. మొదట రోగిని చూడాలి. మనసులోని వ్యథకు తరువాత సమయం దొరుకుతుంది. రెండవది, హెడ్ నర్సుకు, వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పాలి. "ఈ మంచం రోగికి ఇంత ఇవ్వవలసి ఉండగా ఇంత ఇచ్చాను, ఇన్ని గంటలకు ఇచ్చాను" అన్న ఒక్క వాక్యం చాలు. క్షమాపణలు, కారణాలు తరువాత చెప్పుకోవచ్చు. మూడవది, జరిగినదానిని జరిగినట్లే వ్రాయాలి. కేసు షీటులో పాత వ్రాతను చెరిపివేయడం, సమయాన్ని మార్చడం పొరపాటును నేరంగా మారుస్తాయి. ఇక నాల్గవది, అది ఎట్లా జరిగిందో ఆలోచించాలి. రెండు సీసాలు ఒకే అరలో ఉన్నవా? మందు తీసే సమయంలో ఎవరైనా పిలిచారా?

క్రిమియా యుద్ధకాలంలో స్కుటారీ ఆసుపత్రిలో వేలాది సైనికులు మరణించారు. నైటింగేల్ స్వదేశానికి తిరిగి వచ్చి, విలియం ఫార్ అనే గణాంకవేత్త సహాయంతో ఆ మరణాలను లెక్కించింది. గాయాల కంటె నివారింపదగిన వ్యాధులే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నవని 1858లో చిత్రపటాలతో సహా నిరూపించింది. ఆ లెక్కలలో తాను స్వయంగా పనిచేసిన ఆసుపత్రి కూడా ఉన్నది.

సంస్థ బాధ్యత

భారమంతా ఆ బాలిక మీదనే వేయడం న్యాయం కాదు. 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించిన నివేదిక, ఆ దేశపు ఆసుపత్రులలో వైద్య పొరపాట్ల వలన ఏటా 44,000 నుండి 98,000 మంది మరణిస్తున్నట్లు అంచనా వేసింది. ఇందులో అధిక భాగం చెడ్డ మనుష్యుల వలన గాక, లోపభూయిష్టమైన ఏర్పాట్ల వలన కలుగుతున్నవని తేల్చింది.

ఏమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1996లో ప్రకటించిన పరిశీలన మరింత ఆలోచింపజేస్తుంది. మంచి నాయకత్వం గల వార్డులలో మందుల పొరపాట్లు తక్కువగా నమోదై ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆమెకు కనబడినది అందుకు విరుద్ధం. అచ్చట ఎక్కువ పొరపాట్లు నమోదైనవి. చెప్పినవారిని శిక్షించరన్న నమ్మకం ఉన్నచోట నర్సులు దాపరికం లేకుండా చెప్పుకున్నారనీ, నమ్మకం లేనిచోట పొరపాట్లు మరుగున పడ్డాయనీ ఆమె వివరించింది. అనగా కాగితం మీద పొరపాట్లే లేని వార్డు తప్పక మంచి వార్డు కానక్కరలేదు.

ఇట్లా చెప్పడం నిర్లక్ష్యాన్ని సమర్థించడం కాదు. తెలిసి తెలిసి నియమాన్ని ఉల్లంఘించినవారు, తొందరలో తడబడినవారు సమానులు కారు. అయితే రోగి ఎదుటనే కొత్త నర్సును దూషించే పెద్దలు ఒక విషయం గుర్తించాలి. ఆ దూషణ వినే మిగిలిన నలుగురు బాలికలు నేర్చుకునే పాఠం జాగ్రత్త కాదు, దాపరికం.

మన ఆసుపత్రులలో నిజం చెప్పినవారికి ఇప్పటికీ తిట్లు, మెమోలు ఎదురు కావచ్చు. అయినను చెప్పవలసిందే. రోగికి మిగిలిన అరగంట మన పరువు కోసం ఆగదు.

మనసును నిలబెట్టుకొనుట

పొరపాటు జరిగిన తరువాత నర్సు కూడా గాయపడుతుంది. ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000లో ఇట్టివారిని 'రెండవ బాధితులు' అని పేర్కొన్నాడు. ఆ బాధను ఒంటరిగా మోయరాదు. తనకంటె నాలుగేళ్ళ ముందు చేరిన ఒక విశ్వసనీయురాలైన సిస్టరుతో చెప్పుకోవాలి. ఆమెకూ ఇట్టి రాత్రి ఒకటి ఉండి ఉంటుంది. చిన్న నోటు పుస్తకంలో ప్రతి దినం కొత్తగా నేర్చుకున్న ఒక విషయం వ్రాసుకుంటే, ఆరు నెలల తరువాత తాను ఎంత దూరం వచ్చిందో తనకే తెలుస్తుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, జీవితం మీద విరక్తి కలిగినా వైద్యుని సంప్రదించడం సిగ్గుపడవలసిన పని కాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో లభిస్తుంది.

ముగింపు

ఈ విషయం ఆసుపత్రికే పరిమితమైనది కాదు. వార్డులో "పొరపాటు చేశాను" అని చెప్పగల ధైర్యం అక్కడ హఠాత్తుగా పుట్టదు. తరగతి గదిలో "నాకు తెలియదు" అనడం అలవాటైనవారికే అది సాధ్యం. తప్పు జవాబు చెప్పిన విద్యార్థినిని చూసి తరగతి అంతా నవ్వినప్పుడు, అధ్యాపకుడు ఆ నవ్వును ఆపనప్పుడు, ఆమె ఇక నోరు విప్పకపోవడం నేర్చుకుంటుంది. ఆ మౌనం ఆమె వెంట ఏ వార్డు దాకా పోతుందో ఎవరు చెప్పగలరు? అధ్యాపకులమైన మేమూ, కళాశాల కమిటీ పెద్దలూ దీనిని గమనింపవలసి ఉన్నది.

విద్యార్థినులారా! మీలో నర్సులు కాబోయేవారికి ఒక్క మాట. మీ చేతి పనిని సంశయించండి. సీసాను మరొకసారి చూడండి. మిమ్మల్ని మీరు సంశయించి మాత్రం మౌనం వహించవద్దు.