కదలని కారు, పరుగెత్తే చక్రాలు

పిల్లలూ! మీరెప్పుడైనా సైకిలుకు స్టాండు వేసి పెడలు తిప్పారా? వెనుక చక్రం గిర్రున తిరుగుతుంది. సైకిలు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అప్పుడు వెనుక బ్రేకు కొంచెం నొక్కితే పెడలు బరువెక్కుతుంది. చక్రాన్ని అదే వేగంతో తిప్పాలంటే మీరు మరింత బలం ఉపయోగించాలి. బ్రేకు ఎంత గట్టిగా పట్టిందో, చక్రం ఎంత వేగంగా తిరిగిందో కొలిస్తే మీ శక్తి ఎంతో తెలిసిపోతుంది! ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ప్రోనీ 1821లో ఈ ఉపాయంతోనే యంత్రాల శక్తిని కొలిచాడు.

కారును కొలిచే సాధనం పేరు ఛాసిస్ డైనమోమీటర్. ఇందులో బరువైన ఉక్కు రోలర్లు ఉంటాయి. ఇంజను తిప్పే చక్రాలు వాటి మీద ఉండేట్టు కారును నిలుపుతారు. చక్రాలు తిరిగితే రోలర్లు తిరుగుతాయి. రోలర్లు ఎంత త్వరగా వేగం అందుకున్నాయో చూసి, కంప్యూటరు అశ్వశక్తిని లెక్కకడుతుంది. 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తు లేపే శక్తిని ఒక మెట్రిక్ అశ్వశక్తి అంటారు. మన కోస్తా జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలే. కనుక 80 అశ్వశక్తి గల కారంటే, 80 బస్తాలను సెకనులో మీటరు ఎత్తు లేపగలదన్నమాట!

ఈ కొలత దేనికి? ఇంజనులోకి పోయే పెట్రోలు, గాలి పాళ్ళను, నిప్పురవ్వ పడే వేళను సరిచేయడాన్నే ట్యూనింగ్ అంటారు. ఒక్క మార్పు చేసి, కొలిచి, తరువాతే ఇంకొకటి చేయాలి. రెండూ ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో ఎవరు చెప్పగలరు?

ఇక అసలు సంగతి వినండి. కారు కదలదు గనుక చూసేవాళ్ళకు భయం వేయదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. మీటరు 100 కిలోమీటర్లు చూపితే టైరు అంచు సెకనుకు 28 మీటర్ల వేగంతో తిరుగుతున్నట్టే. టైరు గాడిలో ఇరుక్కున్న చిన్న రాయి ఊడితే అదే వేగంతో దూసుకొస్తుంది. అందుకే ముందుగా గాడుల్లోని రాళ్ళన్నీ ఏరివేయాలి. బీటలు వారిన టైర్లున్న కారును ఎక్కించనే కూడదు.

తరువాత కారును ముందూ వెనుకా, రెండు వైపులా పట్టీలతో నేలలోని కొక్కేలకు బిగించాలి. రోలర్ల మీద లేని చక్రాలకు, బండి చక్రానికి రాయి పెట్టినట్టు, అడ్డుదిమ్మలు పెట్టాలి. మొదట మెల్లగా తిప్పి, ఆపి, పట్టీలు వదులయ్యాయేమో మళ్ళీ చూడాలి. వెనుక చక్రాలు లాగే కారైతే హ్యాండ్ బ్రేకు వేయరాదు. అది సాధారణంగా వెనుక చక్రాలనే పట్టుకుంటుంది గదా!

రోడ్డు మీద పోయే కారుకు ఎదురుగాలి తగిలి ఇంజను చల్లబడుతుంది. ఇక్కడ ఆ గాలి లేదు. కనుక ఎదుట పెద్ద ఫ్యాను పెట్టాలి. పొగను గొట్టం ద్వారా బయటికి పంపాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించి, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

కారు ముందు గాని, వెనుక గాని, రోలర్ల పక్కన గాని ఎవరూ నిలబడకూడదు. వేలాడే కండువాలు, పమిటచెంగులు దగ్గరికి రానివ్వకూడదు. చప్పుడులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలు ముందే అనుకోవాలి. కొత్తగా నేర్చుకొనేవాడు అనుభవజ్ఞుడి పక్కన ఉండి, వెంటనే ఆపే మీట ఎక్కడుందో మొట్టమొదట తెలుసుకోవాలి. పరీక్ష ముగిశాక కాలు మెల్లగా తీయాలి. ఇంజను సద్దు తగ్గినా బరువైన రోలర్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా ఆగేవరకు పట్టీలు విప్పరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఇంట్లో, పొలంలో కూడా కదలకుండా తిరిగే యంత్రాలున్నాయి: పిండిమర, చొప్ప కోసే యంత్రం, మోటారు బెల్టు. అవి తిరుగుతుండగా పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. పిల్లలూ, మీరు స్టాండు వేసి సైకిలు తిప్పేటప్పుడు చువ్వల్లో, గొలుసులో వేలు పెట్టకండి!