నల్లమల, వెలికొండ : విశేషణార్థ విచారము

లాటిను భాషయందు కొండను చెప్పు ‘మోన్స్’ శబ్దమునుండి ‘మోంటానుస్’ అను విశేషణ మేర్పడును; విశేష్యలింగమును బట్టి అది ‘మోంటానా’, ‘మోంటానుమ్’ అని మారును. తెలుగున కొండదారి, అడవిపంది అని నామమే విశేషణమగును; ఏఱు వంటివి మాత్రము ‘ఏటిగట్టు’ అని ఔపవిభక్తికమును పొందును. ప్రత్యయపు గుర్తు లేనిచోట అర్థనిర్ణయమునకు ఇరుగుపొరుగు పేర్లే దిక్కు.

బేస్తవారిపేటకు పడమటనున్న నల్లమలనే చూడుడు. ‘మల’ తమిళ ‘మలై’కి సోదరమగుటచే, ‘నల్ల’కును తమిళమునందలి ‘మంచి’ యను అర్థమును చెప్పవచ్చునని తోచును. మేము దీని నంగీకరింపజాలము. ఆ శ్రేణికి పడమటిది ఎఱ్ఱమల. జంటలో ఒకటి ఎఱుపైనపుడు రెండవది నలుపే.

తూర్పున వెలికొండయే చిక్కు. ‘వెలి’ తెలుపునకును (వెలిదమ్మి), బయటికిని చెల్లును. రంగుల వరుస ముచ్చటయైనదే. కాని నెల్లూరు మైదానమువైపు అంచుగా నిలిచిన కొండకు ‘బయటి’ యనుటయే మాకు సమంజసముగ తోచుచున్నది.