మీకు తెలుసా? రంగుల్లేని గేమ్ బాయే గెలిచింది!

1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఇంటి వీడియో గేమ్ కన్సోల్ ‘ఫ్యామికామ్’ టీవీలో రంగుల బొమ్మలు చూపించేది. ఆరేళ్ల తర్వాత అదే కంపెనీ తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే ‘గేమ్ బాయ్’ తెర మీద మాత్రం పచ్చటి నేపథ్యంలో నాలుగు ఛాయలే!

1990లో సెగా ‘గేమ్ గేర్’ రంగుల తెరతో పోటీకి దిగింది. కానీ ఆరు పెన్ను బ్యాటరీలు వేసినా అయిదు గంటలు నిలవడమే గగనం. గేమ్ బాయ్ నాలుగింటితోనే పది గంటలు దాటి నడిచేది. జనం దానికే ఓటేశారు.

1990లో టీవీ మీద ఆడిన ‘సూపర్ మారియో వరల్డ్’ ఆట జేబులోకి రావడానికి పదకొండేళ్లు పట్టింది. 2001లో ‘గేమ్ బాయ్ అడ్వాన్స్’ ఆ ముచ్చట తీర్చింది.

2017లో వచ్చిన నింటెండో ‘స్విచ్’ టీవీ ఆటకీ జేబు ఆటకీ మధ్య ఉన్న ఈ తేడానే చెరిపేసింది. డాక్‌లో పెడితే ఇంటి కన్సోల్, చేతిలోకి తీస్తే జేబు యంత్రం. రెండూ ఒక్కటే!