సంతానలేమి: పరీక్ష ఇద్దరికీ అవసరం



ఎదకు వచ్చిన గేదెకు సూది వేయించినా చూడి నిలవకపోతే మనం రెండు వైపులా విచారిస్తాం. సరైన వేళకు తెచ్చామా, గర్భకోశంలో చీము ఉన్నదా అని చూస్తాం. వీర్యం మంచిదేనా అని కూడా అడుగుతాం. విశాఖపట్నం, నంద్యాల ఘనీకృత వీర్య కేంద్రాలలో ఆంబోతు వీర్యాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించనిదే స్ట్రాలలో నింపరు. గడ్డకట్టించి కరిగించిన పిదప కనీసం 50 శాతం కణాలు కదలకపోతే దానిని పంపిణీ చేయరు.

అదే ఇంట్లో కోడలికి కడుపు పండకపోతే విచారణ అంతా ఆమె మీదనే సాగుతుంది. గొడ్రాలు అన్న మాట, రెండో పెళ్లి ప్రస్తావన వస్తాయి గాని, భర్తకు పరీక్ష చేయించారా అని అడిగేవారు తక్కువ. నిజానికి సంతానలేమి కేసులలో సుమారు మూడో వంతు లోపం పురుషునిలో, మూడో వంతు స్త్రీలో ఉంటుంది. మిగిలినవాటిలో ఇద్దరిలోనూ లోపం ఉండవచ్చు, లేదా కారణం తెలియకపోవచ్చు. ప్రపంచంలో 6 గురిలో ఒకరు ఏదో ఒక వయసులో ఈ ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది.

ఎప్పుడు చూపించుకోవాలి?

12 నెలలు కాపురం చేసినా గర్భం రాకపోతే డాక్టరును కలవాలి. భార్య వయసు 35 దాటితే 6 నెలలకే వెళ్లాలి. ఉద్దానం నుంచి ఎందరో పనులకు దూరప్రాంతాలకు వెళ్లి, ఏడాదిలో కొద్ది రోజులే ఇంట ఉంటారు. అటువంటి వారికి పెళ్లయిన ఏళ్లు లెక్క కాదు, కలిసి ఉన్న నెలలే లెక్క. పశువుకు వలె స్త్రీకి ఎద గుర్తులు బయటకు కనబడవు. తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. ఆ రోజు, దానికి ముందు 5 రోజులు గర్భధారణకు అనువైనవి.

కారణాలు

స్త్రీలలో అండం సరిగా విడుదల కాకపోవడం, థైరాయిడ్ లోపం, గర్భనాళాలు మూసుకుపోవడం ముఖ్యమైనవి. గర్భకోశానికి సోకిన క్షయ వల్ల కూడా నాళాలు మూసుకుపోతాయి. పురుషులలో వీర్యకణాలు తక్కువగా ఉండడం, చురుకుగా కదలకపోవడం, వృషణాల సిరలు ఉబ్బడం, యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు సోకి వృషణాలు దెబ్బతినడం కారణాలు. చుట్ట, అడ్డపొగ, ఖైనీ, సారా ఇద్దరికీ చేటే.

మన ప్రాంతంలో ప్రబలిన మూత్రపిండాల జబ్బు ముదిరితే స్త్రీ పురుషులిద్దరిలోనూ సంతానశక్తి తగ్గుతుంది. ఆ స్థితిలో గర్భం వస్తే తల్లికి ప్రమాదం. కొన్ని రక్తపోటు మందులు గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి. కావున ఉద్దానం దంపతులు ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

పరీక్షలు, చికిత్స

మొదట చేయవలసినది, ఖర్చు తక్కువైనది, కోత లేనిది భర్త వీర్య పరీక్ష. 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఒకసారి లోపం కనబడినా కంగారు పడక, డాక్టరు చెప్పిన గడువుకు మరల పరీక్ష చేయించాలి. భార్యకు రక్తపరీక్షలు, స్కానింగు, అవసరమైతే గర్భనాళాల ఎక్స్‌రే చేస్తారు.

అండం విడుదలకు మాత్రలు ఉన్నాయి. క్షయకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. భర్త వీర్యాన్ని శుద్ధిచేసి గర్భకోశంలోకి ఎక్కించే పద్ధతి మరొకటి. ఇవి ఫలించనప్పుడే పరీక్షనాళిక పద్ధతి. ఈ పద్ధతిలో 1978 జులై 25న ఇంగ్లండులో ప్రపంచపు మొదటి శిశువు జన్మించింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశంలో మొదటి శిశువు జన్మించింది. ఈ పద్ధతి ఖరీదైనది, ప్రతిసారీ ఫలించదు.

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన మహిళ దాత అండంతో కవలలకు జన్మనిచ్చారు. దానిని చూసి ఎంత వయసుకైనా ఆశ పెట్టుకోరాదు. 2021 చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీ వయసు 50, పురుషుని వయసు 55 మించరాదు. కేంద్రానికి రిజిస్ట్రేషను ఉండాలి. బిడ్డ ఖాయమని హామీ ఇచ్చేవారిని నమ్మి పాడిపశువును అమ్ముకోవద్దు, నగలు కుదువ పెట్టవద్దు.

సభ్యులకు మనవి ఏమనగా, మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే దంపతులిద్దరూ కలిసి వెళ్లండి. భర్త వీర్య పరీక్ష ఫలితం చూడకుండా సంతానం కోసమని భార్యకు ఏ ఆపరేషనుకూ ఒప్పుకోవద్దు. ఈ విషయాన్ని సంఘ సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాను.