సముద్రం లేని ఇసుక తీరం

వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి వస్తున్నాయి. కృష్ణా డెల్టా అంచున కడలి నేలను కోసుకుపోతోంది. ఈ రెండు కష్టాలూ ఒకే నీటిదారికి రెండు కొసలు.

అనంతపురం జిల్లా కణేకల్ నుంచి అటు అరేబియా సముద్రానికీ, ఇటు బంగాళాఖాతానికీ దాదాపు మూడేసి వందల కిలోమీటర్లు. అయినా కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి వెంబడి నడిస్తే కడలి ఒడ్డుకు వచ్చామా అనిపిస్తుంది. దిబ్బల మీద ఇసుక అలలు, అక్కడక్కడా ఈత పొదలు. లేనిదల్లా నీళ్లే. ఇదే మండలాల్లో తుంగభద్ర ఎగువ కాలువ పారే చోట వరి పచ్చగా ఉంటుంది. దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు వెళితే ఇసుక మేటలు. నీరు అందిన నేలకూ అందని నేలకూ తేడా ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ.

ఏటి పని ఆగింది

వేదవతి కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గ జిల్లా దాటి, భైరవానితిప్ప దగ్గర అనంతపురం జిల్లాలోకి వస్తుంది. ఇక్కడివాళ్లు హగరి అంటారు. ఉత్తరంగా సాగి, బళ్లారి సీమలో తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కృష్ణకు, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతానికి. దారి పొడవునా రాతినేలలు చితికి రాలిన ఇసుకను దిగువకు మోసుకుపోవడం ఏటి పని. డెల్టాలను వేల ఏళ్లుగా కట్టింది నదులు మోసిన ఒండ్రూ ఇసుకే.

1907లో మైసూరు సంస్థానం వేదవతి మీద మారికణివె దగ్గర వాణీవిలాస సాగరం ఆనకట్టను పూర్తిచేసింది. తర్వాత దిగువన భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. చెరువులు, చెక్‌డ్యాములు, బోర్లు సరేసరి. వాణీవిలాస సాగరం 1933లో పొర్లాక మళ్లీ పొర్లింది 2022 సెప్టెంబరులో, 89 ఏళ్లకు. అన్నేళ్లూ ఎగువ నుంచి నిండు ప్రవాహం రావడమే అరుదైపోయింది. ఇసుక ఉన్నచోటే ఉండిపోయింది.

గాలి అందుకుంది

నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలే పిండుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. ఆషాఢంలో వాన రాకపోయినా గాలి మాత్రం వస్తుంది. రాయదుర్గం, బెళుగుప్ప ప్రాంతాల్లో గాలిమరలను తిప్పే గాలే ఏటి ఇసుకనూ లేపుతుంది.

దిబ్బ మీద వంగి చూస్తే ఆ పని కనిపిస్తుంది. రేణువులు నేలకు ఆనుకునే ఎగిరెగిరి పడుతుంటాయి. పడిన ప్రతి రేణువూ మరికొన్నిటిని ఎగరగొడుతుంది. చిన్న చిన్న అలల కొసన ముతక ఇసుక, పల్లంలో సన్న ఇసుక చేరుతుంది. గాలి తగిలే వైపు దిబ్బ వాలుగా పైకి లేస్తుంది. అవతలి వైపు నిట్రంగా ఉండి, కొసకు చేరిన ఇసుక జారిపడుతుంది. ఇటు తరుగుతూ అటు పెరుగుతూ దిబ్బ మొత్తం జరుగుతుంది. దాని ముందు చేను ఉంటే చెనక్కాయ మొలకలు పూడిపోతాయి. పూడనివి ఇసుక దెబ్బకు ఆకులు చీరుకుపోయి వాడిపోతాయి.

అవతలి కొస

తీరంలో ఇసుకను అలలు ఎప్పుడూ కోస్తూనే ఉంటాయి. పోయినదాన్ని నది తెచ్చి పూడుస్తుంటే తీరం నిలుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి ఆనకట్టలు ఒండ్రును ఆపేశాక కృష్ణ తెచ్చేది బాగా తగ్గింది. డెల్టా తీరం కొన్నిచోట్ల వెనక్కి జరిగింది. హగరి ఒక్కదాని ఇసుకతో ఆ లోటు తీరదు. కానీ ఇక్కడ మేట, అక్కడ కోత ఒకే కథలోవి.

ఏం చేయాలి?

కోస్తాలో తుపాను గాలికి అడ్డంగా సరుగుడు పెంచినట్టే ఇక్కడ గాలికి అడ్డంగా కానుగ, వేప, ఈత వరుసలు పెంచాలి. దిబ్బను పట్టి ఉంచే వెంపలి లాంటి మొక్కలను పీకకుండా కాపాడాలి. ఏటి గర్భంలో ఇసుక తవ్వకాలు ఆపాలి: ఈ సీమలో చెలమల్లో, ఊటకాలువల్లో నీరు ఊరింది ఆ ఇసుక తడిని దాచిపెట్టబట్టే. పొలాల మీద పడిన మేటలు తొలగించుకునే రైతుకు సాయం అందాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఏటికి నీటి వాటా. జీడిపల్లి జలాశయం నుంచి భైరవానితిప్పకు కృష్ణా జలాలు తెచ్చే పథకంలో ఆయకట్టుకు, తాగునీటికి లెక్క ఉన్నట్టే ఏటిలోకి వదిలే నీటికీ లెక్క ఉండాలి. సముద్రంలో కలిసే నీరంతా వృథా అని దశాబ్దాలుగా సభల్లో వింటూనే ఉన్నాం. ఆ నీరు ఇసుకను మోస్తుంది, ఒడ్డు బావులను నింపుతుంది, డెల్టాను నిలబెడుతుంది. వృథా అన్న మాటను ముందు మన ప్రణాళికల్లోంచి తీసేయాలి. హగరికి న్యాయం అక్కడే మొదలవుతుంది.