పట్టాలు పోయినా దారి పోలేదు

వారెన్స్‌బర్గ్ పేరు వీసా కన్సల్టెన్సీ గడప తొక్కిన చాలా తెలుగు ఇళ్ళలో వినిపించేదే. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో చిన్న ఊరు. ఎమ్మెస్ చదవడానికి మన పిల్లలు పెద్ద సంఖ్యలో చేరే యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ ఉన్నది అక్కడే. కొత్తగా దిగిన పిల్లాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పే మొదటి సంగతుల్లో ఒకటి, "ఇక్కడ కారు లేకపోతే కాలు కదలదమ్మా" అని. అబద్ధమేమీ కాదు. కానీ అదే ఊళ్ళో రైలెక్కి తూర్పుగా ఓ అరగంట పోతే సెడేలియా వస్తుంది. కారుకు ప్రవేశమే లేని కంకర దారి ఒకటి ఆ ఊరి మీదుగా పోతుంది. పొడవు దాదాపు 240 మైళ్ళు, మన లెక్కలో 385 కిలోమీటర్లు.

పేరు కేటీ ట్రైల్. తూర్పున సెయింట్ లూయిస్ నగరానికి దాపుల్లో మేచెన్స్ దగ్గర మొదలవుతుంది. మిస్సోరీ నది ఒడ్డు పట్టుకుని పడమరకు సాగి, బూన్‌విల్ దగ్గర నది దాటి, పచ్చిక మైదానాల్లోకి ఎక్కి క్లింటన్‌లో ఆగుతుంది. సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు, కొంత మేర గుర్రాలకు మాత్రమే హక్కు. టికెట్ లేదు. పొద్దు పొడిచాక ఎక్కాలి, పొద్దు గూకేలోగా దిగాలి.

ఇది ఒకప్పటి రైలుమార్గం. మిస్సోరీ–కాన్సస్–టెక్సస్ రైల్వే అనే పొడుగాటి పేరును జనం పొడి అక్షరాల్లోకి కుదించి కేటీ అన్నారు. నది వెంబడి లైను 1890ల తొలినాళ్ళలో పడింది. ఆవిరి ఇంజన్‌కు ఎత్తు పల్లాలు పడవు కనుక లైను వేసినవాళ్ళు చదును నేల వెతుక్కుంటూ నది పక్కనే పోయారు. ఇంజన్ కోసం పడ్డ ఆ శ్రమంతా ఇప్పుడు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కలిసొచ్చింది. పట్టాలు, స్లీపర్లు తీసేసి, సున్నపురాయిని పొడి చేసి పరిచి రోలర్ తిప్పారు. ఎండిన రోజున సైకిలు సరసరా సాగిపోతుంది. గట్టి వాన పడ్డ మర్నాడు మాత్రం ఆ పొడి మెత్తబడి చక్రాలకు పట్టుకుంటుంది, చైన్లో దూరుతుంది. కాస్త వెడల్పు టైర్లున్న బండే మేలు.

దారి అందం గురించి చెప్పేవాళ్ళు చాలామంది. అసలు అది ఎలా మిగిలిందన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. 1986లో మిస్సోరీ నదికి వచ్చిన వరద పట్టాలను చాలాచోట్ల కోసేసింది. అప్పటికే లాభాలు అంతంతమాత్రంగా ఉన్న కంపెనీ, బాగుచేసే బదులు ఆ అక్టోబరులో లైను మూసేసింది. మామూలుగానైతే కథ అక్కడితో సరి. పాత రోజుల్లో రైతుల పొలాల మీదుగా దారి హక్కు మాత్రమే తీసుకుని లైన్లు వేశారు కాబట్టి, రైలు ఆగిపోతే నేల తిరిగి పక్క రైతుకే పోవాలి. ఒక్కో రైతు తన ముక్కను దున్నేసుకుంటే, పదేళ్ళలో ఆనవాలు కూడా ఉండదు.

అలా కాకుండా ఆపింది 1983లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఒక చిన్న చట్ట సవరణ. మూతపడ్డ లైనును రద్దు చేయకుండా, ముందు ముందు మళ్ళీ రైలు అవసరం రావచ్చన్న లెక్కతో దాచిపెట్టవచ్చని ఆ సవరణ చెప్పింది. దాచిన కాలంలో దాన్ని జనం నడవడానికి, తొక్కడానికి వాడుకోవచ్చు. దీన్ని రైల్ బ్యాంకింగ్ అంటారు. అంటే చట్టం దృష్టిలో కేటీ ట్రైల్ ఈనాటికీ రైలుమార్గమే. ప్రస్తుతానికి రైళ్ళు నడవడం లేదు, అంతే.

మన దగ్గర కోటిపల్లి లైను సంగతి తెలిసినవాళ్ళకు ఇందులోని తెలివి వెంటనే పట్టుబడుతుంది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లైను మూసేసి పట్టాలు పీకేశారు. కోనసీమ గుమ్మం దాకా మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా ఆగాల్సివచ్చింది. పోయిన పట్టాలు మళ్ళీ వేయవచ్చు. తెగిపోయిన దారిని ముక్క ముక్క కలిపి తెచ్చుకోవడమే తలకు మించిన పని.

చట్టం ఉంటే చాలదు, డబ్బు కావాలి. సెయింట్ లూయిస్‌కు చెందిన మదుపు సంస్థ అధిపతి టెడ్ జోన్స్, ఆయన భార్య ప్యాట్ కలిసి 22 లక్షల డాలర్లు ఇచ్చారు. 1990లో రోచ్‌పోర్ట్ దగ్గర మొదటి ముక్క తెరుచుకుంది, అదే ఏడు అక్టోబరులో టెడ్ జోన్స్ కన్నుమూశారు. రైతులు ఊరికే ఊరుకోలేదు. మా నేల మాకివ్వకుండా సైకిళ్ళ వాళ్ళకిస్తారా అని కోర్టుకెక్కారు. వెర్మాంట్ రాష్ట్రం నుంచి వెళ్ళిన మరో కేసులో 1990లోనే సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. అయితే నేల పోగొట్టుకున్నవాళ్ళు ప్రభుత్వం నుంచి పరిహారం అడగవచ్చని కూడా చెప్పింది. దారికి ఇరుపక్కల రైతుల్లో కొందరి హక్కును ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు 2000లో గుర్తించింది. నాకది న్యాయంగానే తోస్తుంది. పదిమంది సరదా కోసం ఒకడి పొలం ఊరికే పోకూడదు. ఆ తీర్పుకు ముందే, 1993లో మరో మహావరద వచ్చి కొత్త దారిలో చాలా భాగాన్ని తినేసింది. మళ్ళీ పరిచారు.

తూర్పు కొసన సెయింట్ చార్లెస్ ఊరుంది. 1821 నుంచి 1826 వరకు మిస్సోరీ రాష్ట్రానికి ఇదే మొదటి రాజధాని. ఆనాటి ఇటుక భవనం వరుస దుకాణాల మధ్య ఇప్పటికీ ఉంది. లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు పసిఫిక్ తీరానికి దారి వెతుకుతూ 1804 మే 21న ఇక్కడి నుంచే పడవలు కదిలించారు. ఇప్పటి మార్తాస్‌విల్ దగ్గర లా షరెట్ అనే పల్లె ఉండేది. తెల్లవాళ్ళ ఇళ్ళకు అదే ఆఖరు. రెండేళ్ళ తర్వాత, 1806 సెప్టెంబరులో తిరిగొస్తూ అదే ఒడ్డున మేస్తున్న ఆవుల్ని చూసి పడవల్లోని వాళ్ళంతా ఆనందంతో కేకలు పెట్టారని క్లార్క్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఖండం దాటి వచ్చినవాళ్ళకు ఇంటి జాడ చెప్పింది పాడి పశువులు!

మార్తాస్‌విల్ దగ్గరే ఇంకో చిత్రం. కెంటకీ అడవులకు దారి తీసినవాడిగా అమెరికా పిల్లలందరికీ తెలిసిన డేనియల్ బూన్ 1820లో డిఫయన్స్ సమీపంలోని కొడుకు ఇంట్లో చనిపోయాడు. ఈ పొలాల్లోనే పూడ్చిపెట్టారు. 1845లో కెంటకీ వాళ్ళు వచ్చి, మా వీరుణ్ణి మేం తీసుకుపోతాం అంటూ ఎముకలు తవ్వి పట్టుకెళ్ళారు. తీసుకెళ్ళింది ఆయనవి కావు, పక్క సమాధిలోవి అని మిస్సోరీ వాళ్ళ వాదన. ఆ తగవు ఇంకా తేలలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆయన పేరుతో సమాధి ఉంది. రెండుచోట్లా పూలు పెడతారు.

డిఫయన్స్‌కు ముందు వెల్డన్ స్ప్రింగ్ వస్తుంది. పర్యాటక పుస్తకాలు దీన్ని దాటేస్తాయిగానీ నా లెక్కలో తప్పక ఆగాల్సిన చోటు ఇదే. రెండో యుద్ధంలోకి అమెరికా దిగకముందు ఇక్కడ మందుగుండు ఫ్యాక్టరీ కోసం హాంబర్గ్, హోవెల్, టూనర్‌విల్ అనే మూడు పల్లెలను ఖాళీ చేయించారు. తర్వాత 1957 నుంచి 1966 దాకా అదే నేల మీద యురేనియం శుద్ధి జరిగింది. మిగిలిన విషపు చెత్తంతా ఒకచోట చేర్చి మట్టి, రాయి కప్పి 75 అడుగుల గుట్టగా మూసేశారు. మెట్లెక్కి పైకి వెళ్ళవచ్చు. నది, పొలాలు, చెట్ల వరస అన్నీ కనిపిస్తాయి. ఊళ్ళు ఖాళీ చేయించడం, తరాల తరబడి మిగిలే చెత్త, పాదాల కింద కప్పెట్టిన భయం: కింద ఉన్న చిన్న మ్యూజియం దేన్నీ దాచలేదు, అది మెచ్చుకోవాలి.

అక్కడి నుంచి పడమరగా జర్మన్ ఊళ్ళు మొదలవుతాయి. 1820ల్లో డట్జో దగ్గర కొన్నేళ్ళు కాపురమున్న గాట్‌ఫ్రీడ్ డుడెన్ అనే జర్మన్, ఈ లోయను పొగుడుతూ 1829లో పుస్తకం వేశాడు. చదివినవాళ్ళు మూటాముల్లె సర్దుకుని వేల సంఖ్యలో వచ్చారు. వచ్చాక ఆయన రాసినంత సుఖం లేదని తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ద్రాక్ష మాత్రం బతికింది. 1980లో అమెరికా ప్రభుత్వం వైన్ ప్రాంతాలకు అధికారిక గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి గుర్తింపు దక్కింది కాలిఫోర్నియాలోని నాపాకు కాదు, ఈ దారి పక్కనున్న ఆగస్టా అనే చిన్న ఊరికి.

ఇంకా పడమరకు పోతే, జెఫర్సన్ సిటీకి అటూ ఇటూ, నిజం చెప్పాలంటే విసుగే. ఓ పక్క మొక్కజొన్న, ఓ పక్క సోయా, మధ్యలో ఎప్పుడో ఒక ధాన్యపు గోదాము. జూలైలో అయితే ఉక్కపోత మన కోస్తాకు తీసిపోదు. మెక్‌బెయిన్ దగ్గర పొలం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఓక్ చెట్టు ఈ విసుగును కాస్త తీరుస్తుంది. వందల ఏళ్ళ వయసు. 2020లో పిడుగు పడి మంటలు లేచినా బతికి బట్టకట్టింది.

రోచ్‌పోర్ట్ వద్ద సున్నపురాయి చరియలు దారి మీదికి ఒరిగినట్టుంటాయి. లైను మొత్తంలో ఉన్న ఒకే ఒక్క సొరంగం ఇక్కడే, 1893 నాటిది, 243 అడుగులు. లూయిస్, క్లార్క్ బృందం ఈ చరియల మీద ఆదివాసులు వేసిన బొమ్మలు చూసినట్టు రాసింది. రైలు లైను కోసం బండలు పేల్చినప్పుడు వాటిలో చాలా భాగం పోయాయి. మనం హాయిగా తొక్కుతున్న ఈ చదును ఎవరి గుర్తులను చెరిపి వచ్చిందో కూడా అక్కడ నిలబడి తలచుకోవాలి.

బూన్‌విల్ దగ్గర నది మీద 1932 నాటి ఇనుప వంతెన ఉంది. ఓడలు పోవడానికి మధ్య భాగం పైకి లేచే రకం. రైలు కంపెనీ దాన్ని విప్పి ఇనుమును మరోచోట వాడుకుంటానంది. ఊరివాళ్ళు అడ్డుకున్నారు. పాత ఇనుము మీద మమకారం ఒక్కటే కారణం కాదు. వంతెన పోతే లైను మధ్యలో తెగినట్టే. తెగితే ఇది రైలుమార్గం అన్న వాదన బలహీనపడి, దారి మొత్తానికే ఎసరు రావచ్చన్న భయం. కోర్టు గొడవలయ్యాక 2010లో వంతెన ఊరి చేతికి వచ్చింది. 2016లో కొంత భాగం నడవడానికి తెరిచారు. సైకిళ్ళు మాత్రం పక్కనున్న రోడ్డు వంతెన మీద విడిగా కట్టిన బాటలో నది దాటుతాయి.

తర్వాత దారి మైదానంలోకి ఎక్కుతుంది. నీడ పలచబడుతుంది, ఎదురుగాలి మొదలవుతుంది. సెడేలియాలో 1896లో రాతితో కట్టిన స్టేషన్ చెక్కుచెదరలేదు. నల్లజాతి పియానో విద్వాంసుడు స్కాట్ జాప్లిన్ ఈ ఊళ్ళో ఉన్న రోజుల్లోనే, 1899లో, ఆయన పియానో బాణీ 'మేపుల్ లీఫ్ రాగ్' అచ్చయి దేశమంతా మోగింది. విండ్సర్ దగ్గర నుంచి రాక్ ఐలాండ్ అనే మరో పాత లైను 47 మైళ్ళు చీలి కాన్సస్ సిటీ వైపు వెళుతుంది. అక్కడి నుంచి క్లింటన్ ఎంతో దూరం లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు అక్టోబరు మంచి నెల. ఆకులు రంగు మారతాయి, ఉక్క ఉండదు. ఆమ్‌ట్రాక్ వారి మిస్సోరీ రివర్ రన్నర్ రైలు వారెన్స్‌బర్గ్, సెడేలియా, జెఫర్సన్ సిటీ, హెర్మన్‌లలో ఆగుతుంది. సైకిలు కూడా ఎక్కించుకోవచ్చు, దానికి ముందే రిజర్వేషన్ చేయించాలి. అంటే ఒకవైపు తొక్కి, తిరుగు ప్రయాణం రైల్లో చేయవచ్చు. పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు 385 కిలోమీటర్ల అంకె చూసి బెదరనక్కర్లేదు. డిఫయన్స్‌లో కారు ఆపుకుని ఆగస్టా దాకా వెళ్ళి వస్తే రానూపోనూ 24 కిలోమీటర్లు దాటదు. అద్దె సైకిళ్ళు దారి పక్క ఊళ్ళలో దొరుకుతాయి. నీళ్ళ సీసాలు రెండు పెట్టుకోండి, మధ్యలో దుకాణాలు తక్కువ.