మాగాయ ఊట, పిల్లవాడి ప్రాణం



మాగాయ పెట్టే రోజులు గుర్తు తెచ్చుకోండి. మోండా మార్కెట్లో పుల్లటి కాయలు ఏరి తెచ్చి, చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడతాం. చుక్క నీళ్లు పొయ్యం. మూడోనాడు మూత తీస్తే ముక్కలు మునిగేంత ఊట! ఆ నీళ్లెక్కడివని ఎప్పుడైనా ఆలోచించారా? ముక్కలోవే. మామిడి ముక్క నిండా కంటికి కనపడని కణాలుంటాయి. ఒక్కొక్క కణం చుట్టూ పలచని పొర. మా అమ్మాయి సైన్సు పుస్తకంలో దాన్ని కణత్వచం అన్నారు, మనం పొర అనే అనుకుందాం. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్లు ఆ పొర దాటి వచ్చేస్తాయి.

మన ఒంట్లోని కణాలకూ ఇలాంటి పొరే. మందం ఎంతంటారా? మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో 7, 8 భాగాలు, అంతే. అది రెండు వరసల కొవ్వు. ఒక్కో కొవ్వు అణువుకు తల నీళ్లను కోరుతుంది, తోకకు నీళ్లంటే గిట్టదు. అందుకని తోకలు లోపలికి దాచుకుని, తలలు బయటికి పెట్టి నిలుస్తాయి. ఆ కొవ్వులో మాంసకృత్తులు పులుసులో ముక్కల్లాగా తేలుతూ కదులుతుంటాయని 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది. ఆ పేరు వింటే మావారు నేతి గిన్నె పక్కకు నెడతారు గానీ, అసలది లేకపోతే మన కణాల పొర కుదురుగా ఉండదు. తార్నాక దాటితే వచ్చే హబ్సిగూడ సి.సి.ఎం.బి.లో అమితాభ చట్టోపాధ్యాయ గారి బృందం ఎన్నో ఏళ్లు దీనిమీదే పరిశోధన చేసింది.

ఉప్పూ పంచదారా ఈ కొవ్వును వాటంతటవి దాటలేవు. మాంసకృత్తులే వాటికి తలుపులు. కొన్ని ఊరికే తెరుచుకుంటాయి, కొన్నింటికి కూలి ఇవ్వాలి. కణంలో చేరిన సోడియంను బయటికి తోడే పంపు ఒకటుంది. దాని కూలి ఏ.టి.పి. అనే పదార్థం. 1929లో దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అబ్బాయికి రెండో ఏట విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్లు పడితే ఇంకా పోతాయమ్మా" అన్నారు మా అత్తగారు. నేనూ ఊరుకున్నాను. సాయంత్రానికి కళ్లు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ ఓ.ఆర్.ఎస్. నీళ్లు చెంచాతో గంటల తరబడి పట్టింది. బతికి బట్టకట్టాడు.

పేగు లోపలి కణాల పొరకు ఒక వింత తలుపుంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే లోపలికి రానిస్తుంది. కలరా వచ్చినా ఆ తలుపు చెడిపోదు. ఆ రెండూ లోపలికి వెళితే వాటి వెంట నీళ్లూ వెళతాయి. మన ఊట కథే, తిరగేసి! 1971లో బంగాం శరణార్థుల శిబిరంలో కలరా రోగులు నూటికి 30 మంది దాకా పోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లు తాగించి ఆ లెక్కను 4 లోపుకు దించారు.

పంచదార ఎక్కువైతే ఏమవుతుంది? జాడీలో ఉప్పు చేసిన పనే. ఒంట్లోని నీళ్లను పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులూ తియ్యటి జ్యూసులూ అందుకే వద్దనేది. అట్టపెట్టెల్లోని తియ్యని పానీయాలకు కూడా ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించి అమ్మేవారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

మందుల షాపులో అసలైన పాకెట్టు అడగండి. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు అని రాసి ఉండాలి. చిన్న పాకెట్లూ వస్తాయి, ఎన్ని నీళ్లో చదివి పాకెట్టంతా ఒకేసారి కలపండి. పాకెట్టు దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన చిన్న చెంచాతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. తల్లిపాలు మానొద్దు. పిల్ల మగతగా ఉన్నా, ఒంటేలు ఆగినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కలిపిన నీళ్లు మర్నాటికి మిగిలితే పారబోసి మళ్లీ కలపండి.